సేవా సంఘంలో చేరితే మనకూ, ఊరికీ ఒరిగేదేమిటి?

ప్రశ్న: కావలి ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. నేను కావలిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. వయసు 43. పిల్లలిద్దరూ చదువుల కోసం హాస్టళ్లకు వెళ్లిపోయాక సాయంత్రాలు, ఆదివారాలు కాస్త చేతికి మిగులుతున్నాయి. పట్టణంలోని ఒక సేవా క్లబ్బులో సభ్యురాలైన మా సహోద్యోగిని నన్నూ చేరమని రెండు నెలలుగా అడుగుతున్నారు. చేరాలనే ఉంది కానీ మనసు పూర్తిగా కుదుటపడలేదు.

చేరాలని ఎందుకు అనిపిస్తున్నదో ముందు చెబుతాను. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు నేను కోవూరు దగ్గర మా పుట్టింట్లో ఉన్నాను. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయి, జాతీయ రహదారి మీద రాకపోకలు నిలిచిపోయిన ఆ రోజుల్లో మా వీధి ఆడవాళ్లమందరం కలిసి పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టాము. తీరా మేము తీసుకువెళ్లిన వీధికే మరో మూడు బృందాలు కూడా అన్నం తెచ్చాయి, ఎందుకంటే రోడ్డు నుంచి నడిచి వెళ్లగలిగిన వీధి అదొక్కటే. అక్కడ పొట్లాలు మిగిలిపోయి పారబోయవలసి వచ్చింది. చేల అవతల ఉన్న కాలనీకి మాత్రం ఆ సాయంత్రం దాకా మంచినీళ్లు కూడా చేరలేదని మర్నాడు తెలిసింది. మా అందరికీ మనసు ఉంది, చేతుల్లో అన్నం ఉంది, అయినా అవసరమైన చోటికి చేరలేకపోయాము. ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వెనక్కి లాగుతున్న సంగతి కూడా ఒకటుంది. కొన్నేళ్ల కిందట ఒక సంఘం వారు మా బడిలో నోటు పుస్తకాలు పంచడానికి వచ్చి, ముఖ్య అతిథి ఆలస్యంగా వస్తున్నారని పిల్లలను గంటన్నర సేపు ఎండలో వరుసగా నిలబెట్టారు. పుస్తకాలు మంచివే, పిల్లలకు ఉపయోగపడ్డాయి కూడా. అయినా ఆ ఎండను నేను మరిచిపోలేకపోతున్నాను. సేవా సంఘాల్లో పనిచేసిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి: చేరినందువల్ల మీకు నిజంగా కలిగిన మేలు ఏమిటి, మీ ఊరికి కలిగిన మేలు ఏమిటి? సభ్యత్వ రుసుము, సమయం మా కుటుంబానికి చిన్న విషయాలు కావు కాబట్టి వివరంగా అడుగుతున్నాను.

జవాబు: పెన్నా ఒడ్డు, నెల్లూరు

అమ్మా, నమస్కారం. నేను బ్యాంకులో ఉద్యోగం చేసి విరమించినవాడిని. నెల్లూరులో ఒక క్లబ్బులో 24 ఏళ్లుగా సభ్యుణ్ణి, ఒక ఏడాది కార్యదర్శిగా, రెండేళ్లు కోశాధికారిగా పనిచేశాను. ముందుగా ఆ కాలనీ సంగతే మాట్లాడతాను, ఎందుకంటే నాకు తెలిసినంతలో సేవా సంఘం వల్ల కలిగే అసలు మేలు అక్కడే ఉంది.

వరద వచ్చిన రోజున కొత్తగా పరిచయం చేసుకుని పని పంచుకోవడం ఎవరి వల్లా కాదు. మా క్లబ్బులో అప్పట్లో ఒక బియ్యం మిల్లు యజమాని, ఒక ట్రాక్టర్ల డీలరు, విద్యుత్ శాఖలో పనిచేసి విరమించిన ఇంజనీరు, ఇద్దరు డాక్టర్లు, పెళ్లిళ్లకు వంటలు చేయించే ఒకాయన ఉండేవారు. కారు పోలేని నీళ్లలో ట్రాక్టరు పోతుంది. ఏ ఊళ్లో ఎవరి ఇంటి ముందు ట్రాక్టరు ఉందో, దాన్ని నడిపే అబ్బాయి ఫోను నంబరు ఏమిటో ఆ డీలరుకు నోటికి తెలుసు. నెలకు రెండుసార్లు పక్క పక్క కుర్చీల్లో కూర్చుని కాఫీ తాగిన మనుషులం కాబట్టి, ఆ రోజు ఆయనకు ఫోను చేయడానికి నేను మొహమాటపడలేదు, ఎందుకు, ఏమిటి అని ఆయనా అడగలేదు. ఏ బృందం ఎటు వెళ్లాలో ఒక కాగితం మీద రాసుకుని బయలుదేరాము. మీ వీధి వారికి లేనిది మంచి మనసు కాదమ్మా, ఆ కాగితం మాత్రమే.

ఇలా రకరకాల వృత్తుల వారు ఒకచోట చేరడం యాదృచ్ఛికం కాదు. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్ అనే న్యాయవాది మరో ముగ్గురితో కలిసి రోటరీని మొదలుపెట్టినప్పుడు, ఒక్కొక్కరి కార్యాలయంలో ఒక్కోసారి వంతులవారీగా సమావేశమయ్యేవారు; ఆ పేరు అందువల్లనే వచ్చింది. ఒకే వృత్తి వారు గుంపుగా చేరిపోకుండా, వేర్వేరు పనులు తెలిసినవారిని చేర్చుకోవాలన్న నియమాన్ని వారు చాలా కాలం గట్టిగా పాటించారు. మన దేశంలో మొదటి రోటరీ క్లబ్బు 1919లో కలకత్తాలో ఏర్పడింది. 1917లో అదే షికాగోలో మెల్విన్ జోన్స్ లయన్స్‌ను మొదలుపెట్టారు. 1925లో ఒహాయోలో జరిగిన లయన్స్ మహాసభలో చూపూ వినికిడీ లేని అమెరికా రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడుతూ, చూపులేనివారి తరఫున మీరు నిలబడాలని కోరారు. మన ఊళ్లలో లయన్స్ అనగానే కంటి శిబిరాలు గుర్తుకు రావడానికి మూలం ఆ కోరికే.

కంటి శిబిరం మాట వచ్చింది కాబట్టి, నాకు కలిగిన మేలు కూడా దానితోనే చెబుతాను. ఉదయగిరి వైపు ఒక ఊళ్లో మేము ఒక ఆదివారం కంటి పరీక్షలు చేయించాము. శుక్లాలు ముదిరాయని డాక్టరు చెప్పిన వారందరికీ ఉచితంగా శస్త్రచికిత్స చేయడానికి నెల్లూరులోని ఆసుపత్రి ఒప్పుకుంది, బస్సు కూడా మాదే. బుధవారం ఉదయం బస్సు వెళ్తే సగం మంది కూడా ఎక్కలేదు. నాకు ఆ రోజు వారి మీద కోపం వచ్చిందని దాచకుండా చెబుతున్నాను. మా క్లబ్బులో ఒక టైలరు ఉండేవారు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆయన మరుసటి ఆదివారం తన స్కూటరు మీద ఆ ఊరికి వెళ్లి, రాని వారి ఇళ్లకు ఒక్కొక్క గడపకూ వెళ్లి కూర్చుని వచ్చారు. ఒకరికి మేకలు చూసుకునే మనిషి లేరు. ఒకావిడ కొడుకు బెంగుళూరులో తాపీ పనికి వెళ్లాడు. అతను లేకుండా కన్ను కోయించుకోవడానికి ఆమెకు భయం. ఇద్దరికి షుగరు ఎక్కువగా ఉంది, ముందు అది తగ్గించుకు రమ్మన్న మాటను వారు ఇక అక్కర్లేదని చెప్పినట్టుగా అర్థం చేసుకున్నారు. ఇంకొకరికి ఆపరేషను తరువాత వారాల తరబడి కంట్లో చుక్కలు వేయవలసి ఉంటుందని తెలిసి, ఒంటరిగా ఉండే తనకు వేసేదెవరని ఆగిపోయారు.

ఆయన ఇవన్నీ ఒక స్కూలు నోటు పుస్తకంలో రాసుకొచ్చి సమావేశంలో చదివి వినిపించారు. ఆ రోజు నుంచి మా శిబిరాల పద్ధతే మారిపోయింది. పరీక్షకూ ఆపరేషనుకూ మధ్య ఒక ఆదివారం ఇళ్లకు వెళ్లడానికే కేటాయించాము; ఆపరేషను అయిన మర్నాడు, వారానికి, నెలకు జరిగే పరీక్షలకు ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో పేరు పేరునా రాసుకున్నాము; చుక్కలు వేయడానికి అదే వీధిలో చదువుకునే ఒక అమ్మాయినో అబ్బాయినో మాట్లాడి పెట్టాము. ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో అప్పులు ఇచ్చి, వసూలు చేసిన నాకు, మనిషి ‘రాలేదు’ అంటే దాని వెనక ఒక కారణం ఉంటుందని, అది వారి ఇంటికి వెళ్తే తప్ప తెలియదని నేర్పింది ఆ టైలరు గారు. ఆ క్లబ్బు లేకపోతే మా ఇద్దరికీ బట్టల కొలతలిచ్చే పరిచయం తప్ప మరొకటి ఉండేది కాదు.

మిగిలిన లాభాలు త్వరగా చెప్పేస్తాను. నలుగురిలో లేచి మాట్లాడటం, సమావేశపు తీర్మానాలు తప్పులేకుండా రాయడం, నాకు నచ్చని అభిప్రాయాన్ని చివరిదాకా వినడం నాకు అక్కడే అలవాటయ్యాయి. నా భార్య పోయిన ఏడాది మా ఇంటి తలుపు రోజూ తట్టినది ఆ మనుషులే. పోలియో ఆదివారాల్లో బస్టాండులో చుక్కల మందు పెట్టెతో కూర్చున్నప్పుడు పెద్ద పని చేస్తున్నానని నాకేమీ అనిపించలేదు. 2011 జనవరి 13న హౌరాలో నమోదైన కేసే మన దేశంలో చివరిదైంది, 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతంలో పోలియో లేదని ధ్రువీకరించింది. ఆ వార్త పేపరులో చదివిన ఉదయం నేను ఆ బస్టాండు వైపు ఊరికే నడిచి వెళ్లి కాసేపు కూర్చుని వచ్చాను.

జవాబు: రక్తనిధి ఉద్యోగిని, ఒంగోలు

టీచరు గారికి నమస్కారం. నేను రక్తనిధిలో ల్యాబ్ టెక్నీషియనుగా పనిచేస్తున్నాను. నేను ఏ క్లబ్బులోనూ సభ్యురాలిని కాను, కానీ వారి పనిని ఇవతలి వైపు నుంచి రోజూ చూస్తున్నదాన్ని.

రక్తం ఇవ్వడానికి ముందుకు వచ్చేవారు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. చిక్కు ఎక్కడంటే, అందరూ ఒకే రోజు వస్తారు. జాతీయ పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు వరుసగా శిబిరాలు పెడతారు. పరీక్షలు, సెలవులు కలిసే ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఎవరూ ఉండరు. దానం చేసిన రక్తాన్ని దాచుకోవచ్చు కదా అంటారు. ఎర్రకణాలను అందులో కలిపే ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులు మాత్రమే నిల్వ ఉంచగలము, ప్లేట్‌లెట్లనైతే 5 రోజులే. డెంగీ జ్వరాల కాలంలో ప్లేట్‌లెట్ల కోసం వచ్చిన తండ్రికి, పోయిన నెల శిబిరంలో రెండు వందల మంది ఇచ్చారని చెప్పి ఏం లాభం? తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లలకు నెలనెలా, కొందరికి ఇంకా ముందే రక్తం ఎక్కించాలి. వారికి పండుగలతో పని లేదు.

మా దగ్గరికి వచ్చే ఒక సంఘం వారు ఏడాది మొదట్లోనే మమ్మల్ని అడిగి, మాకు కొరత ఉండే వారాలను క్యాలెండరులో గుర్తు పెట్టుకుంటారు. మగవారు 90 రోజులకు ఒకసారి, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు కాబట్టి, తమ దాతలను విడతలుగా విభజించి, వంతు వచ్చినవారికి వారం ముందు ఫోను చేస్తారు. ఆ పనికి పేపరులో ఫోటో రాదు. కానీ ఒంటరి మనిషి ఎంత మంచివాడైనా ఏడాదికి మూడు నాలుగు సార్లకు మించి ఇవ్వలేడు. జాబితా ఉన్న సంఘం ప్రతి వారం ఇవ్వగలదు. మీరు గణితం చెబుతారు కాబట్టి ఈ లెక్క మీకే బాగా తెలుస్తుంది.

ఇంకొక మాట ఆడవారిగా మనం గమనించవలసినది. రోటరీ, లయన్స్ రెండింటిలోనూ 1987 దాకా మహిళలకు పూర్తి సభ్యత్వం లేదు. అమెరికా సుప్రీంకోర్టు ఆ ఏడాది మే నెలలో తీర్పు ఇచ్చాక తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు నియమాల్లో తేడా లేకపోయినా, కొన్ని చోట్ల ఆడవారికి రంగవల్లుల పోటీలు, జ్యోతి వెలిగించే పళ్లెం మాత్రమే అప్పగించే అలవాటు ఇంకా ఉంది. మీరు చేరబోయే చోట మహిళలు అధ్యక్షులుగా, కోశాధికారులుగా ఎప్పుడైనా ఉన్నారా అని ముందే అడగండి. పూర్తి బాధ్యత ఇచ్చే చోట చేరితేనే మీ సమయానికి విలువ.

జవాబు: కనిగిరి రైతు

అమ్మా, నా అనుభవం వేరు. నేను ఒక క్లబ్బులో ఆరేళ్లు ఉండి బయటకు వచ్చినవాడిని. ఎవరినీ నొప్పించాలని కాదు, మీరు ఖర్చు, సమయం లెక్క చూస్తున్నారు కాబట్టి రెండో వైపు కూడా తెలియాలని రాస్తున్నాను.

మా ప్రాంతంలో నీటి కథ అందరికీ తెలిసిందే. ఇప్పటి కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు పాత నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లోనే, 1937లో, ఇక్కడి నీళ్లలోని ఫ్లోరైడు వల్ల ఎముకలు వంగిపోతున్నాయని వైద్యులు పరిశోధించి ప్రకటించారు. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అన్నది మన దేశపు ప్రమాణం. మా క్లబ్బు చందాలు పోగుచేసి ఒక ఊళ్లో నీటి శుద్ధి యంత్రం పెట్టింది. ప్రారంభోత్సవం రోజు ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. రెండేళ్లు తిరగకుండానే లోపలి పొరలు పాడయ్యాయి. మార్చడానికి డబ్బు ఎవరిది, కరెంటు బిల్లు ఎవరిది, నడిపే మనిషికి జీతం ఎవరు ఇస్తారు అన్నది ముందుగా ఎవరమూ రాసుకోలేదు. జులైలో కొత్త కార్యవర్గం వచ్చింది, వారికి వారి సొంత కార్యక్రమం కావాలి. పాతదానికి మరమ్మతు చేయిద్దామని నేను మూడు సమావేశాల్లో అడిగాను. ఫలితం లేక మానేశాను. ఆ గదికి ఇప్పటికీ తాళమే. ఆ ఊరి వాళ్లు ఎదురైతే నాకు తలెత్తి మాట్లాడటం కష్టంగా ఉంటుంది.

పదవి ఏడాదికొకసారి మారే చోట, ఏడాదిలో ముగిసే పనులు బాగా జరుగుతాయి, పదేళ్లు పట్టే పనులు అనాథలైపోతాయి అన్నది నేను నేర్చుకున్నది. ఇంకొక సంగతి. 1990ల మొదట్లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకోవడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవారు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమం జిల్లా అంతా పాకి, రాష్ట్రం మొత్తం కదిలి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. వారిలో ఎవరికీ సభ్యత్వ రుసుము లేదు, కోటుకు పెట్టుకునే బిళ్ల లేదు. రోజూ సాయంత్రం ఒకచోట కూర్చోవడం మాత్రమే ఉంది. మీకు క్లబ్బు నచ్చకపోతే సేవకు దారి మూసుకుపోయిందని అనుకోవద్దు. నేను ఇప్పుడు మా ఊరి యువకులతో కలిసి చెరువు పంట కాలువలు బాగుచేసే పనిలో ఉన్నాను, తృప్తిగా ఉంది.

జవాబు: పెన్నా ఒడ్డు, నెల్లూరు

కనిగిరి సోదరుడు చెప్పినది అక్షరాలా నిజం, మా దగ్గరా అలాంటివి జరిగాయి. ఇప్పుడు మేము ఏదైనా యంత్రం పెట్టేముందు, మూడేళ్ల నిర్వహణకు అయ్యే డబ్బు విడిగా బ్యాంకులో వేసి, ఊరి కమిటీతో కాగితం రాసుకున్నాకనే మొదటి రూపాయి ఖర్చు పెడుతున్నాము. రాబోయే అధ్యక్షుడు కూడా ఆ కాగితం మీద సంతకం చేయాలి. ఈ నియమం వల్ల మేము పెట్టే యంత్రాల సంఖ్య తగ్గింది. ఆ తాళం వేసిన గది ఏ ఊళ్లో ఉందో మీరు చెప్పగలిగితే, మా ఇంజనీరు గారిని తీసుకుని ఒకసారి వచ్చి చూస్తాను. మాట ఇవ్వలేను, చూస్తాను.

జవాబు: ఆడిటరు, నెల్లూరు

డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తాను. సభ్యత్వ రుసుము విరాళం కాదు. దానికి ఆదాయపు పన్నులో విరాళాలకు ఇచ్చే మినహాయింపు రాదు. చాలా క్లబ్బులకు విడిగా ఒక ట్రస్టు ఉంటుంది. దానికి ఆ మినహాయింపు అనుమతి ఉంటే, అక్కడికి ఇచ్చిన విరాళానికి మాత్రమే, అదీ పాత పన్ను విధానంలో ఉన్నవారికే, మినహాయింపు వర్తిస్తుంది. 2,000 రూపాయలు దాటిన విరాళాన్ని నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు, కాబట్టి చెక్కు ద్వారానో ఫోను ద్వారానో ఇచ్చి రసీదు తీసుకోండి. చేరేముందు గత రెండేళ్ల ఆడిట్ అయిన జమాఖర్చులు చూపించమని మర్యాదగా అడగండి. అందులో విందులకు, శాలువాలకు, ఫ్లెక్సీలకు ఎంత పోయింది, అసలు పనికి ఎంత పోయింది అన్నది రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అడిగినందుకు నొచ్చుకునే సంఘమైతే చేరకపోవడమే మంచిది.

ప్రశ్న అడిగినవారు: కావలి ఉపాధ్యాయురాలు

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. నిన్న మా సహోద్యోగినితో కూర్చుని మాట్లాడాను. వెంటనే చేరకుండా, మూడు సమావేశాలకు అతిథిగా వస్తానని చెప్పాను, వారు సంతోషంగా ఒప్పుకున్నారు. జమాఖర్చుల పుస్తకం అడిగితే, కోశాధికారి గారు మర్నాడే ఇంటికి పంపారు. ఆమె కూడా మహిళే. అందులో మా బడి పక్క ఊరికి రెండేళ్ల కిందట ఇచ్చిన కుట్టు యంత్రాల పద్దు కనిపించింది. వాటిలో ఎన్ని నడుస్తున్నాయని అడిగితే వారి దగ్గర వివరం లేదు. వచ్చే ఆదివారం నేనూ, మా సహోద్యోగిని కలిసి ఆ ఊరికి వెళ్లి ఇల్లిల్లూ తిరిగి చూసి వస్తాము. నోటు పుస్తకం కొనుక్కున్నాను.

రక్తనిధి చెల్లెలికి ఒక ప్రశ్న. మా బడిలో, పక్క బడుల్లో కలిపి ఉపాధ్యాయినులం ముప్పై మంది దాకా ఉన్నాము. ఏప్రిల్, మే నెలల కొరతకు మేము జాబితా తయారు చేయగలమా? మాలో చాలామందికి రక్తహీనత ఉంటుందేమో అన్నది నా భయం.

జవాబు: రక్తనిధి ఉద్యోగిని, ఒంగోలు

తప్పకుండా చేయవచ్చు అక్కా. హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి, వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి. ముందుగా, అంటే జనవరిలోనే, అందరికీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. తక్కువగా ఉన్నవారి పేర్లు కొట్టివేయకుండా పక్కన రాసుకోండి. డాక్టరు సలహాతో మాత్రలు వాడితే వారిలో కొందరు మే నెలకల్లా ఇవ్వగలుగుతారు, ఇవ్వలేకపోయినా వారి ఆరోగ్యమైనా బాగుపడుతుంది. కావలికి దగ్గరలో ఉన్న రక్తనిధి వారితో ముందే మాట్లాడి, ముప్పై మందినీ ఒకే రోజు కాకుండా, వారానికి ఐదారుగురి చొప్పున పంపండి. వేసవి సెలవుల్లో ఎవరెవరు ఊళ్లో ఉంటారో మాత్రం ఇప్పుడే అడిగి పెట్టుకోండి.